అడుగున తడి పొర: అంజీర్ బుస్ట్రెంగో మీద ఒక కేస్ స్టడీ, విశాఖపట్నం

మురళీనగర్‌లో ఇంటి నుంచే కేకులు చేసి అమ్మే ఒక బేకర్‌కి క్రిస్మస్ కోసం 12 బుస్ట్రెంగోల (ఇటలీ వైపు చేసే పండ్ల కేకు) ఆర్డరు వచ్చింది. శాంపిలుగా చేసిన మొదటి కేకు కోస్తే పైన మాడు రంగు, మధ్యలో పంటికి తగిలే మొక్కజొన్న రవ్వ, అడుగున రెండు సెంటీమీటర్ల మందాన చలిమిడిలా కత్తికి అంటుకునే పొర. అంజీర్ ముక్కలన్నీ ఆ పొరలోకే దిగిపోయాయి. మిగిలిన సగం డబ్బాలో పెడితే నాలుగో రోజుకి అడుగున బూజు పట్టింది. ఓవెన్‌లో ఇంకాసేపు ఉంచితే సరిపోతుందా, వంటకమే విశాఖ గాలికి పనికిరాదా అన్నది ప్రశ్న. రెండూ కావని అయిదు ట్రయల్స్ తర్వాత తేలింది. లోపం నీళ్ల లెక్కలో ఉంది.

బుస్ట్రెంగో ఇటలీలోని రొమాన్యా ప్రాంతానిది, ఆ పక్కనే ఉన్న చిన్న దేశం సాన్ మరీనోది. సాన్ మరీనోలో క్రిస్మస్‌కి చేస్తారు. మొక్కజొన్న పిండి, మిగిలిపోయిన రొట్టె పొడి, పాలు, తేనె, ఆపిల్, ఎండు అంజీర్, కిస్మిస్, నారింజ నిమ్మ తొక్కలు కలిపి చేసే పల్లెటూరి కేకు. ఇంటికో కొలత ఉంటుంది. బేకింగ్ పౌడర్ వేయరు కాబట్టి పొంగదు. మన దగ్గర అమ్మే ప్లమ్ కేకుతో పోల్చుకుంటే దారి తప్పుతాం. స్వభావంలో ఇది దిబ్బరొట్టెకి దగ్గర: మందంగా, బరువుగా, పైన కరకరలాడే పెచ్చు, లోపల మెత్తన. లోపలి భాగం తడిగా ఉండటం దీని లక్షణమే. కాకపోతే ఆ తడి కేకంతా సమానంగా ఉండాలి, అడుగుకి చేరకూడదు.

మొదటి కేకులో ఏం పడిందో ముందు కాగితం మీద పెట్టాం. మొక్కజొన్న రవ్వ 100 గ్రాములు, మైదా 150, బ్రెడ్ పొడి 80, పంచదార 80, ఉప్పు 4, పాలు 400 మిల్లీలీటర్లు, తేనె 90 గ్రాములు, కోడిగుడ్లు 3, నూనె 45, ఎండు అంజీర్ 150, కిస్మిస్ 80, చెక్కు తీసిన ఆపిల్ 350, దాల్చినచెక్క పొడి 2 గ్రాములు. 23 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నుకి ఇవి సరైన కొలతలే. చేసిన తీరులోనే తేడా ఉంది. అంజీర్‌ని రాత్రంతా నీళ్లలో నానబెట్టారు. 150 గ్రాములు పొద్దుటికి 235 అయ్యాయి. పైగా రుచి పోతుందని నానిన నీళ్లు ఇంకో 60 మిల్లీలీటర్లు పిండిలోనే పోశారు.

ఇప్పుడు నీళ్లు కూడదాం. 400 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 360 గ్రాముల నీరు ఉంటుంది. 350 గ్రాముల ఆపిల్‌లో సుమారు 300, మూడు గుడ్లలో 112, తేనెలో 16, కిస్మిస్‌లో 12, నానబెట్టని అంజీర్‌లో 40. మొత్తం 840. దీన్ని పీల్చుకోవాల్సిన రవ్వ, మైదా, బ్రెడ్ పొడి కలిపి 330 గ్రాములు. అంజీర్ పీల్చిన 85, ఆ పైన పోసిన 60 కలిస్తే నీరు 985కి చేరింది, అంటే అనుకున్నదానికన్నా నూటికి 17 పాళ్లు ఎక్కువ. పాల కొలతలో ఒక్క చుక్క తేడా లేకపోయినా పిండి జావ అయిపోవడానికి కారణం ఇదే. పండ్ల కేకుల్లో పాలు, గుడ్లు మాత్రమే తడి సామాను అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఈ కేకులో ఆపిల్ తెచ్చే నీరు పాలు తెచ్చేదానికి అటూ ఇటూగా ఉంటుంది, అది కూడా సగం బేక్ అయ్యాక బయటికి వస్తుంది.

రెండో ట్రయల్ బేకర్ కోరిక మీద చేసింది. అదే పిండి, పైన ఫాయిల్ కప్పి 180 డిగ్రీల దగ్గర 75 నిమిషాలు. అడుగు పొర అలాగే ఉంది. అంచులు ఎండిపోయాయి, తేనె మాడి చేదెక్కింది. ఇందులో ఉపయోగపడిన సంగతి ఒకటే. కేకు మధ్యలో గుచ్చిన థర్మామీటరు 97 డిగ్రీలు చూపించింది. అంటే ఆ పొర పచ్చిది కాదు, ఉడికింది. ఉడికి, మోయలేనంత నీటిని పట్టుకుని బంక అయింది. ఇలాంటి పొరని ఎంతసేపు కాల్చినా లాభం లేదు. పచ్చి పిండికీ బంకకీ తేడా తెలియాలంటే టూత్‌పిక్ చాలదు, పైగా టూత్‌పిక్‌కి అంజీర్ గుజ్జు అంటుకుని ఉడికిన కేకుని కూడా పచ్చిదనిపిస్తుంది. గుచ్చి చూసే థర్మామీటరు ఈ కేకుకి విలాసం కాదు.

మూడో ట్రయల్‌లో రెండో కొసకి వెళ్లాం. అంజీర్ నానబెట్టలేదు, పాలు 330 మిల్లీలీటర్లకి తగ్గించాం. తడి పొర పోయింది. బదులుగా రవ్వ ఇసుకలా కరకరలాడింది. మర్నాటికి అంజీర్ ముక్కల చుట్టూ కేకు పొడిబారింది. ఎండు అంజీర్‌లో చక్కెర ఎక్కువ, అది పక్కనున్న పిండిలోంచి నీరు లాక్కుంటుంది. కిస్మిస్ కూడా లాక్కుంటుంది గానీ చిన్నది కాబట్టి తెలియదు. అంటే నీళ్లు తగ్గించడం ఒక్కటే దారి కాదు. ఏ నీరు ఎవరికి చేరాలో ముందే తేల్చి, చేరాకే ఓవెన్‌లో పెట్టాలి. రవ్వ నీరు రవ్వకి, అంజీర్ నీరు అంజీర్‌కి.

నాలుగో ట్రయల్ ఆ లెక్కన చేసిందే. ఆర్డరుకి వాడిన పద్ధతి కూడా ఇదే. దానికి ముందు సామాను గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడే చెడే అవకాశం ఉంది.

మొక్కజొన్న రవ్వ అడిగితే దుకాణంలో కార్న్ ఫ్లోర్ పెట్టె చేతిలో పెడతారు. అది పిండి కాదు, తెల్లటి గంజిపొడి, మంచూరియాకి వాడేది. దానితో చేస్తే కేకు రబ్బరులా సాగుతుంది. కావలసింది పసుపుపచ్చ రవ్వ, బొంబాయి రవ్వంత బరక. ప్యాకెట్ దొరక్కపోతే ఎండు మొక్కజొన్న గింజల్ని మరలో రవ్వ పట్టించి జల్లించుకోవచ్చు. మరీ మెత్తని పిండైతే కేకు ముద్దవుతుంది, సగం సగం కలిపితే మాత్రం బాగుంటుంది.

అంజీర్ పూర్ణా మార్కెట్ వైపు డ్రై ఫ్రూట్ దుకాణాల్లో రెండు రకాలుగా దొరుకుతుంది. తాడుకి దండలా గుచ్చి నొక్కినవి గట్టిగా, పొడిగా ఉంటాయి. ప్యాకెట్లలో వచ్చే మెత్తనివాటిలో నీరు ఎక్కువ. ఈ కేకుకి దండవే మేలు, ఎంత నీరు పట్టాలో మన చేతిలో ఉంటుంది. పైన తెల్లటి పొడి కనిపిస్తే బూజని పారేయనక్కర్లేదు. చాలాసార్లు అది పైకి తేలిన చక్కెరే, గోరువెచ్చని నీళ్ల తడి తగిలితే కరుగుతుంది. నూగులా లేచి, బూడిద లేదా ఆకుపచ్చ రంగులో ముక్కిన వాసన వస్తే అది బూజు. ప్రతి కాయనీ అడ్డంగా కోసి లోపల చూడాల్సిందే. మేడిపండు సామెత దాని చుట్టమైన అంజీర్‌కీ వర్తిస్తుంది, పురుగు లోపలే ఉంటుంది. లోపల మసిలాంటి నల్లటి పొడి ఉంటే ఫంగస్, ఆ కాయని పూర్తిగా తీసేయాలి, ఆ భాగం గీరేసి వాడకూడదు. ఇంటికి తెచ్చాక గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. సముద్రపు గాలికి బయట వదిలేస్తే వారంలో జిగురెక్కుతుంది, అప్పుడు మన తూకాలు తప్పుతాయి. పచ్చి అత్తిపండ్లు వాడతామని అడిగేవాళ్లున్నారు. పచ్చికాయ పాలలో ఉండే ఎంజైము పాలని విరిచేస్తుంది, గుడ్ల మాంసకృత్తుల్ని కూడా కొరుకుతుంది. వాడి తీరాలంటే ముందు ఉడికించి, ఆ గుజ్జు నీటిని లెక్కలో వేసుకోవాలి. ఎండువాటితో పోల్చితే రుచి పలచన, శ్రమ దండగ.

ఆపిల్ పుల్లగా, గట్టిగా ఉండాలి. పచ్చరంగు గ్రానీ స్మిత్ ఖరీదనిపిస్తే, నొక్కితే లొంగని ఎర్ర ఆపిల్ తీసుకుని ఒక నిమ్మకాయ రసంలో సగం కలపవచ్చు. పిండిపిండిగా ఉండే ఆపిల్ వద్దు, అది ఉడికి సాసయిపోతుంది. తేనె గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరికే ఏజెన్సీ తేనె చక్కగా నప్పుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి 90 గ్రాములు దాటించకూడదు. బ్రెడ్ పొడికి పాత బ్రెడ్‌ని 120 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆరబెట్టి, చల్లారాక మిక్సీ పట్టాలి. విశాఖలో మూత లేకుండా రెండ్రోజులుంచిన బ్రెడ్ పొడి మెత్తబడి, పీల్చే గుణం సగం పోగొట్టుకుంటుంది. వాడే రోజే చేసుకోవాలి. రస్కుల పొడి వేస్తే పంచదార 10 గ్రాములు తగ్గించండి. నూనె ఆలివ్‌దైతే అసలు రుచి. వేరుశనగ నూనె వేసినా కేకు నిర్మాణానికి నష్టం లేదు.

కమలాపండు తొక్క గురించి చిన్న మాట. డిసెంబర్‌లో వచ్చే నాగపూర్ కమలాల తొక్క వదులుగా, పల్చగా ఉంటుంది. తురిమితే తెల్లటి పొర కూడా వచ్చి చేదు చేస్తుంది. పండుని ఒలవకుండా, చల్లగా ఉన్నప్పుడు, ఒకే చోట రెండుసార్లు రుద్దకుండా తురమాలి. రెండు కమలాలు, రెండు నిమ్మకాయలు చాలు.

ఇక పద్ధతి. దండ అంజీర్ తొడిమలు తీసి, సెంటీమీటరుకి మించని ముక్కలు కోయాలి. పెద్ద ముక్కలు ఎంత చిక్కటి పిండిలోనైనా దిగుతాయి. 150 గ్రాముల ముక్కల మీద వేడి చేసిన 45 గ్రాముల కమలా రసం పోసి మూత పెట్టి, 40 నిమిషాల్లో రెండుసార్లు కలపాలి. రసం మొత్తం లోపలికి పోవాలి, గిన్నె అడుగున మిగలకూడదు. తూకం 195 గ్రాములుంటే సరి. మెత్తని ప్యాకెట్ అంజీర్‌కి 20 గ్రాముల రసమే. అదే సమయంలో ఆపిల్ ముక్కలకి మొత్తం పంచదారలోంచి 30 గ్రాములు పట్టించి అరగంట జల్లెడలో ఉంచితే 40 నుంచి 50 గ్రాముల రసం దిగుతుంది. ఓవెన్‌లో దిగాల్సిన నీరు ఇది, ముందే దింపేశాం. పారబోయకండి. చిన్న గిన్నెలో పాకంలా మరిగించి, వేడి కేకు పైన బ్రష్‌తో పూస్తే మెరుపూ వస్తుంది, పులుపూ వస్తుంది.

అసలు కీలకం రవ్వ. పాలలో ఉప్పు, తొక్కల తురుము వేసి పొంగు వచ్చే ముందు మంట తగ్గించి, ఉప్మాకి పోసినట్టు రవ్వని సన్నధారగా పోస్తూ విస్క్‌తో కలపాలి. సన్నసెగ మీద 5 నుంచి 6 నిమిషాలు. గరిట లాగితే అడుగు ఒక క్షణం కనిపించి మూసుకుపోవాలి. గిన్నె బరువు ముందే రాసుకుని ఉంటే ఇప్పుడు తూచండి: లోపలిది 470 గ్రాములుండాలి. ఎక్కువుంటే ఇంకో నిమిషం ఉడికించాలి, తక్కువైతే ఆ మేరకు పాలు కలపాలి. ఒకరి మంటకీ ఇంకొకరి మంటకీ ఉండే తేడా ఈ ఒక్క తూకంతో పోతుంది. మొదటి కేకులో రవ్వని పచ్చిగా చల్లటి పాలలో కలిపారు. ఓవెన్‌లో నీటి కోసం రవ్వ, మైదా, బ్రెడ్ పొడి పోటీ పడ్డాయి, బరకగా ఉన్న రవ్వ వెనకబడింది. ముందే ఉడికిస్తే పంటి కింద ఇసుక పోతుంది. అంతకన్నా ముఖ్యం, పిండి చిక్కబడి పండ్లని ఎక్కడివక్కడే పట్టుకుంటుంది. ముక్కలకి మైదా పూస్తే మునగవని అందరూ చెబుతారు. జావలాంటి పిండిలో ఆ మైదా రెండు నిమిషాల్లో కడుక్కుపోతుంది. పట్టుకోవాల్సింది పిండి.

ఉడికిన రవ్వ 45 డిగ్రీలకి చల్లారాక, అంటే వేలు హాయిగా పెట్టగలిగినప్పుడు, తేనె, నూనె, తర్వాత గుడ్లు ఒక్కొక్కటిగా కలపాలి. చల్లారేలోగా పైన మీగడ కట్టకుండా మధ్యమధ్యలో తిప్పుతుండాలి. కట్టిన మీగడ ఉండలుగా మిగిలి కేకులో పసుపు మచ్చలవుతుంది. మైదా, బ్రెడ్ పొడి, మిగిలిన 50 గ్రాముల పంచదార, దాల్చినచెక్క కలిపి వేసి, తడి పట్టేదాకా తిప్పి 20 నిమిషాలు వదిలేయాలి. బ్రెడ్ పొడి ఉబ్బడానికి ఆ సమయం కావాలి. అప్పుడు పిండి బజ్జీ పిండి కన్నా చిక్కగా, గరిట వంచితే ముద్దగా జారిపడేలా ఉండాలి. ధారగా పడితే ఇంకో 20 గ్రాముల బ్రెడ్ పొడి వేయవచ్చు, మైదా వద్దు. చివరగా అంజీర్, కిస్మిస్, ఆపిల్ కలపాలి. మొత్తం 1645 గ్రాముల దగ్గర తేలుతుంది.

టిన్ను అల్యూమినియందైతే మంచిది. నల్లటి నాన్‌స్టిక్ టిన్నులో తేనె ఉన్న కేకు అంచులు తొందరగా మాడతాయి. అడుగున బటర్ పేపర్, పక్కలకి నూనె రాసి మొక్కజొన్న రవ్వ చల్లాలి. ఓటీజీ (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్) గుండీ మీద 170 అని తిప్పడం లెక్కలోకి రాదు, లోపల వేలాడదీసిన ఓవెన్ థర్మామీటరు 170 చూపించాలి. ఈ వంటగదిలో గుండీ చెప్పేదానికీ లోపలి వేడికీ 18 డిగ్రీల తేడా ఉంది, మొదటి కేకు పైన మాడటానికి సగం కారణం అదే. మిగతా సగం తేనె, త్వరగా రంగు తిరుగుతుంది. పైనా కిందా రాడ్లు రెండూ వేసి, జాలీని కిందనుంచి రెండో గాడిలో పెట్టాలి. ఫ్యాన్ వద్దు, పొంగని కేకు పైభాగాన్ని అది ఎండబెడుతుంది. 30 నిమిషాలు తెరిచి, తర్వాత ఫాయిల్ వదులుగా కప్పి 25 నుంచి 30 నిమిషాలు. మధ్యలో 97 డిగ్రీలు రావాలి. దాంతోపాటు టిన్నుతో సహా తూచి, పిండి బరువులోంచి కనీసం 140 గ్రాములు తగ్గిందో లేదో చూడాలి. నాలుగో ట్రయల్‌లో 1645 గ్రాములు 1490కి దిగింది. 97 డిగ్రీలు వచ్చినా బరువు తగ్గకపోతే 150 డిగ్రీల దగ్గర ఇంకో 10 నిమిషాలు.

బూజు సంగతి వేరు. దానికి కారణం తడి పొర ఒక్కటే కాదు, చల్లార్చిన తీరు. మొదటి కేకుని టిన్నులోనే రెండు గంటలుంచి, అడుగు గోరువెచ్చగా ఉండగానే క్లింగ్ ఫిల్మ్ చుట్టి డబ్బాలో పెట్టారు. లోపలి ఆవిరి పేపరుకీ కేకుకీ మధ్య చెమ్మగా దిగింది. బూజు మొదలైంది సరిగ్గా అక్కడే. ఇప్పుడు 15 నిమిషాలకే టిన్నులోంచి తీసి, పేపరు ఒలిచి, కింద గాలి ఆడే జాలీ మీద నాలుగు గంటలు ఉంచుతున్నారు. మొదటి గంట ఫ్యాన్ కింద పెట్టినా ఫరవాలేదు. సాయంత్రం సముద్రపు గాలి తేమగా ఉండే వేళ కిటికీ పక్కన మాత్రం వద్దు. తర్వాత బటర్ పేపరు, దాని మీద అట్టపెట్టె. కోయడం మర్నాడు. అప్పటికి తడి అంతటా సర్దుకుని ముక్క విరగదు.

నిల్వ విషయంలో కొనేవాళ్లకి నిజం చెప్పాలి. ఇందులో రమ్ము లేదు, చక్కెర తక్కువ, ఆపిల్ నీరు ఎక్కువ. నెలల తరబడి ఉండే ప్లమ్ కేకు కాదు. డిసెంబర్‌లో బయట మూడు రోజులు. నాలుగో ట్రయల్ ముక్కలు బయట అయిదో రోజుకి కోసిన వైపు పులిసిన వాసన వేశాయి. ఫ్రిజ్‌లో పెట్టినవి ఎనిమిదో రోజు కూడా బాగున్నాయి, కానీ మొక్కజొన్న గట్టిపడి బిరుసెక్కాయి. ఓవెన్‌లో 150 దగ్గర 8 నిమిషాలు వేడిచేస్తే మళ్లీ మెత్తబడ్డాయి. ఎండాకాలంలో బయట ఒక్క రోజు దాటించవద్దు.

అయిదో ట్రయల్ గుడ్లు లేని రకం, ఆర్డరులో నాలుగు కేకులు అలా కావాలన్నారు. ఉడికిన రవ్వే ముద్దని కట్టి ఉంచుతుంది కాబట్టి మిగతా కేకులకన్నా ఇక్కడ సులువు. మూడు గుడ్ల బదులు 120 గ్రాముల చిక్కటి పెరుగు, పావు టీస్పూను వంటసోడా. సోడా వల్ల రంగు త్వరగా తిరుగుతుంది, అందుకని 160 డిగ్రీలు, ఫాయిల్ 20 నిమిషాలకే. ముక్క అంచులు కొంచెం రాలతాయి. ఫ్రిజ్‌లో మూడు గంటలుంచి, తడిపిన రంపపు కత్తితో కోస్తే నీటుగా వస్తుంది.

పన్నెండు కేకులకి పని పంచుకున్న తీరు ఇది. రవ్వని మూడు కేకులకి మించి ఒకే గిన్నెలో ఉడికించలేదు. గిన్నెలో పాలు ఎక్కువయ్యేకొద్దీ ఆవిరయ్యే వాటా తగ్గి 470 లెక్క తప్పుతుంది, మూడింటికి 1410 గ్రాములు రావడానికి 9 నిమిషాలు పట్టింది. ఓటీజీలో ఒకేసారి రెండు టిన్నులు పెడితే వేడి తేరుకోవడానికి సమయం పట్టి మొత్తం 70 నిమిషాలయింది, 35వ నిమిషంలో టిన్నుల చోట్లు మార్చాల్సి వచ్చింది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఆపిల్. కోసి పంచదార పట్టించాక గంట దాటితే 80 గ్రాముల దాకా రసం దిగి, ముక్కలు తోలులా ముడుచుకుపోతాయి. అందుకని అంజీర్, కమలా తురుము ముందురోజు రాత్రే సిద్ధం చేసి, ఆపిల్‌ని మాత్రం రవ్వ పొయ్యి మీద పెట్టే ముందు విడతకి విడతగా కోశారు.